20 టన్నుల బ్లాకు ఎత్తుతుంటే దక్షత 50 శాతమే వస్తోంది: క్రేన్ గేర్‌బాక్సు మార్చాల్సిందేనా?

గెలాక్సీరాయి
ఒంగోలు దగ్గర మాకు గ్రానైట్ కోసే చిన్న ఫ్యాక్టరీ ఉంది. చీమకుర్తి నుంచి వచ్చే గెలాక్సీ బ్లాకులను లారీ మీద నుంచి దించి కోత మిషను ట్రాలీ మీదికి ఎక్కించడానికి 30 టన్నుల గ్యాంట్రీ క్రేన్ వాడుతున్నాము. దాని హాయిస్టు మోటారు, అంటే బరువును పైకి ఎత్తేది, 15 కిలోవాట్లది, అంటే 20 హెచ్‌పీది. ఈ మధ్య గేర్‌బాక్సులో శబ్దం పెరిగిందని సర్వీసు వాళ్లను పిలిపిస్తే, మూత కూడా తీయకుండానే దక్షత, అంటే ఇచ్చిన పవర్‌లో పనికి వచ్చే వంతు, సగానికి పడిపోయిందని, మొత్తం మార్చడం తప్ప దారి లేదని తేల్చి చెప్పారు. వాళ్లు చెప్పిన ధర విన్నాక నేనే లెక్క వేసి చూద్దామనుకున్నాను.

20 టన్నుల బ్లాకు 3 మీటర్లు లేవడానికి 90 సెకన్లు పట్టింది. 20,000 × 9.81 × 3 ÷ 90 అంటే 6,540 వాట్లు, 6.54 కిలోవాట్లు. ఎత్తుతున్నంతసేపూ క్లాంప్ మీటరు (తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) 18 ఆంపియర్లు చూపించింది, వోల్టేజి 415 ఉంది. మూడు ఫేజులకు 1.732 × 415 × 18 కడితే 12,940 వచ్చింది. 6,540ని దానితో భాగిస్తే 50 శాతం పైచిలుకు. సర్వీసు వాళ్లు చెప్పిందే నా లెక్కలోనూ తేలినట్టుంది. అయినా మిగిలిన సగం ఎక్కడికి పోతోందో నాకు అర్థం కావడం లేదు. ఇది నిజంగా గేర్‌బాక్సు దోషమేనా?

వైండింగ్‌షాపు
మీ 12,940 వాట్లు కావు, వోల్ట్ ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్‌తో గుణించకుండా వాట్లు రావు. ఇండక్షన్ మోటారు తీసుకునే కరెంటులో కొంత భాగం అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టడానికే వచ్చిపోతుంటుంది, బరువు ఎత్తే పనికి అది పనికిరాదు, కానీ క్లాంప్ మీటరు దాన్నీ కలిపే చూపిస్తుంది. 15 కిలోవాట్ల మోటారు నిండు లోడులో 27, 28 ఆంపియర్లు లాగుతుంది. మీది 18 దగ్గర ఉందంటే మూడింట రెండు వంతుల లోపు లోడులో ఉన్నట్టు. అక్కడ పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకోవచ్చు. 12.94 × 0.8 అంటే 10.35 కిలోవాట్లు. దానితో భాగిస్తే 63 శాతం. గేర్‌బాక్సును ముట్టుకోకుండానే 13 శాతం తిరిగి వచ్చేసింది చూడండి.

లెక్కలపిచ్చి
ఆంపియర్లతో ఇంత తిప్పలు ఎందుకు? మోటారు మీద 15 కిలోవాట్లని రేకు కొట్టి ఉండగా 6.54ను 15తో భాగించడమే కదా? 43.6 శాతం. క్రేన్ పాతదే, మార్చేయండి.

వైండింగ్‌షాపు
@లెక్కలపిచ్చి, రేకు మీద ఉండేది ఆ మోటారు షాఫ్టు దగ్గర ఇవ్వగలిగిన గరిష్ఠ పవర్, ఇప్పుడు ఇస్తున్నది కాదు. మీ పద్ధతిలో అయితే ఖాళీ హుక్కును ఎత్తినప్పుడు దక్షత ఒక శాతం వస్తుంది, అప్పుడు క్రేన్‌తో పాటు ఫ్యాక్టరీని కూడా అమ్మేయాలి.

కరీంనగర్‌నీళ్లు
ఇదే పొరపాటు మా వైపు ఎత్తిపోతల గురించి మాట్లాడుకునేటప్పుడూ జరుగుతుంది. రామడుగు మండలం లక్ష్మీపూర్ భూగర్భ పంపుహౌస్‌లో ఒక్కొక్కటి 139 మెగావాట్ల మోటార్లు ఏడు ఉన్నాయి. ఒక్కో పంపు సెకనుకు దాదాపు 89 ఘనపు మీటర్ల నీటిని సుమారు 111 మీటర్ల ఎత్తుకు పంపుతుంది. ఘనపు మీటరు నీరంటే వెయ్యి కిలోలు కాబట్టి 89,000 × 9.81 × 111 కడితే దాదాపు 97 మెగావాట్లు. దీన్ని నేరుగా 139తో భాగించి 70 శాతం దక్షత అని ప్రచారం చేసేవాళ్లు ఉన్నారు. మోటారు ఆ క్షణంలో నిజంగా ఎంత లాగుతోందో చూడకుండా ఆ మాట అనడానికి లేదు. మోటారును ఎప్పుడూ అవసరానికి మించిన స్థాయిలోనే ఎంపిక చేస్తారు.

పాలిటెక్నిక్‌మాస్టారు
కరీంనగర్‌నీళ్లు గారు, వైండింగ్‌షాపు గారు చెప్పిన దానికి నేను ఒక మెట్టు కలుపుతాను. దక్షత అనే అంకెను ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని చెప్పకుండా వాడితే ఇద్దరు మనుషులు వేర్వేరు వస్తువుల గురించి వాదించుకుంటారు. గెలాక్సీరాయి గారి క్రేన్‌లో కనీసం మూడు చోట్ల పవర్‌ను కొలవవచ్చు. తీగల్లో మోటారుకు చేరేది మొదటిది, మోటారు షాఫ్టు దగ్గర బయటికి వచ్చేది రెండవది, హుక్కు దగ్గర బ్లాకును పైకి లేపడానికి నిజంగా ఖర్చయ్యేది మూడవది. మీరు కట్టిన 63 శాతం మొదటి దాని నుంచి మూడవ దాని దాకా, అంటే మోటారు నష్టాలు కూడా అందులో కలిసే ఉన్నాయి. మోటారు వేడెక్కినందుకు గేర్‌బాక్సును శిక్షించడం న్యాయం కాదు.

ఆ లోడులో మోటారు దక్షత 0.88 అనుకుంటే షాఫ్టు దగ్గర 10.35 × 0.88, అంటే 9.1 కిలోవాట్లు వస్తున్నట్టు. అక్కడి నుంచి హుక్కు దాకా యాంత్రిక దక్షత 6.54 ÷ 9.1, అంటే 72 శాతం. గేర్‌బాక్సు గురించి మాట్లాడాలంటే ఈ 72ను పట్టుకోవాలి. ఇందులోనూ పుల్లీలు, డ్రమ్ము, రోపు అన్నీ కలిసే ఉన్నాయి కనుక ఒక్క గేర్‌బాక్సు దక్షత ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.

రెండోసంవత్సరం
మాస్టారూ, నాకు రెండు సందేహాలు ఉన్నాయి. బ్లాకు నిలకడ నుంచి కదలడానికి త్వరణం కావాలి కదా, ఆ శక్తిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదెందుకు? రెండవది, హుక్కును మోసే రోపు పుల్లీల మీదుగా ఎనిమిది వరుసలుగా ఉంటే ఒక్కో వరుసకు ఎనిమిదో వంతు బరువే పడుతుంది, అలాంటప్పుడు పవర్ కూడా ఎనిమిదో వంతు సరిపోవాలి కదా?

పాలిటెక్నిక్‌మాస్టారు
మొదటి దానికి నువ్వే జవాబు కట్టి చూడు. వేగం నిమిషానికి 2 మీటర్లు, అంటే సెకనుకు 0.033 మీటరు. 20,000 కిలోల గతిశక్తి సగం × 20,000 × 0.033 × 0.033, సుమారు 11 జౌళ్లు. అదే బ్లాకును 3 మీటర్లు ఎత్తడానికి 5,88,600 జౌళ్లు కావాలి. ఇంత నెమ్మదిగా నడిచే క్రేన్‌లో బ్లాకు గతిశక్తిని వదిలేసినా లెక్క చెడదు. అయితే మోటారు రోటరు నిమిషానికి 1,450 చుట్లు తిరుగుతుంది కనుక దాన్ని ఆ వేగానికి తేవడానికి పట్టే శక్తి బ్లాకుకు పట్టే దానికంటే చాలా ఎక్కువ. స్విచ్చి నొక్కిన మొదటి సెకను రీడింగును పక్కన పెట్టి, ఆ తర్వాత స్థిరంగా ఉన్న రీడింగునే రాసుకోమనడానికి అదొక కారణం. రెండో దానికి రోప్‌డ్రమ్ గారు జవాబిస్తే బాగుంటుంది, ఆయన చేతికి రోజూ గ్రీజు అంటుకునే విషయం అది.

రోప్‌డ్రమ్
విశాఖలో చాలా ఏళ్లుగా క్రేన్ల మెయింటెనెన్సు చేస్తున్నాను. తమ్ముడూ, ఎనిమిది వరుసలుంటే ఒక్కో వరుస మీద బలం ఎనిమిదో వంతే, ఆ మాట నిజం. కానీ హుక్కు ఒక మీటరు లేవాలంటే ఎనిమిది వరుసల్లో ఒక్కొక్కటి ఒక మీటరు తగ్గాలి, అంటే మొత్తం 8 మీటర్ల రోపు డ్రమ్ము మీదికి చుట్టుకోవాలి. రెండు కొసలూ డ్రమ్ముకే వచ్చే ఏర్పాటైతే ఒక్కో కొస 4 మీటర్ల చొప్పున చుట్టుకుంటుంది. బలంలో ఎంత తగ్గిందో దూరంలో అంత పెరుగుతుంది, పవర్‌లో పైసా కూడా మిగలదు. పైగా ప్రతి పుల్లీ దగ్గర కొంత నష్టం అదనం. రోలర్ బేరింగులున్న పుల్లీ అయితే ఒక్కోదానికి 2 శాతం దాకా, పాత ఇత్తడి బుష్షులవైతే 4, 5 శాతం దాకా పోతుంది.

ఇక గెలాక్సీరాయి గారి 72 శాతం గురించి. సాధారణంగా ఈ తరగతి క్రేన్‌లో హెలికల్ గేర్లు మూడు జతలు ఉంటాయి, ఒక్కో జత దగ్గర 98 శాతం అనుకోండి. డ్రమ్ము పక్కన ఓపెన్ గేరు ఒకటుంటే దానికి 95. ఈ నాలుగింటిని గుణిస్తే 0.89. పుల్లీలన్నిటికీ కలిపి 0.94, డ్రమ్ము బేరింగులకు, రోపు వంగడానికి 0.97 వేసుకుంటే మొత్తం 0.81. ఇది కాగితం మీద కొత్త క్రేన్ లెక్క. వాడిన క్రేన్‌కు 75 నుంచి 80 మధ్య వస్తే నేను మాట్లాడను. 72 కొంచెం తక్కువే, కానీ గేర్‌బాక్సు మార్చేంత తక్కువ కాదు.

మీరు వదిలేసిన బరువు ఒకటుంది. హుక్కు బ్లాకు, దానికి తగిలించిన స్లింగులు కూడా మోటారే ఎత్తుతోంది. 30 టన్నుల క్రేన్‌లో అది అర టన్నుకు తక్కువ ఉండదు. ముందు దాన్ని కలపండి.

గెలాక్సీరాయి
హుక్కు బ్లాకు మీద 560 కిలోలని అచ్చు వేసి ఉంది. స్లింగులు, షాకిల్స్ కలిపి 140 దాకా ఉంటాయి. మొత్తం 700 కిలోలు అనుకుంటే 20.7 టన్నులు, 6.77 కిలోవాట్లు, అంటే యాంత్రిక దక్షత 74 శాతం దాటుతుంది. రోప్‌డ్రమ్ గారు చెప్పిన 75 దగ్గరికి వచ్చింది. అయితే శబ్దం మాత్రం శబ్దంగానే ఉంది.

మూడోషిఫ్టు
శబ్దం సంగతి తర్వాత, గేర్‌బాక్సు వేడెక్కుతోందా? సర్వీసు వాళ్ల మాట ప్రకారం 50 శాతం దక్షతే అయితే, పోయే 6 కిలోవాట్ల చిల్లర ఎక్కడో వేడిగా మారాలి. అందులో ఎక్కువ భాగం గేర్‌బాక్సుదే అయితే వరుసగా పది బ్లాకులు ఎత్తాక దాని మీద చెయ్యి పెట్టలేరు. పోయిన పవర్ మాయమైపోదు, వేడిగానే బయటికి వస్తుంది. నన్నడిగితే లెక్క కంటే ముందు చేసే పరీక్ష ఇదే.

గెలాక్సీరాయి
ఈ రోజు ఉదయం నుంచి పనిచేశాక చూశాను, గోరువెచ్చగా ఉంది, అంతే. మోటారే దానికంటే ఎక్కువ వేడిగా ఉంది.

లెక్కలపిచ్చి
రేకు లెక్క వదిలేశాను, ఒప్పుకున్నాను కాబట్టి వైండింగ్‌షాపు గారు ఇక ఆ విషయం ఎత్తవద్దు. కానీ ఇంకో ప్రశ్న ఉంది. 72 అయితేనేం, 80 అయితేనేం? కరెంటు ఖర్చు ఎంత తేడా వస్తుంది? 10.35 కిలోవాట్లు 90 సెకన్లు అంటే 0.26 యూనిట్. యూనిట్‌కు 8 రూపాయలనుకున్నా ఒక బ్లాకు ఎత్తడానికి 2 రూపాయల పై కొంచెం. ఎత్తిన మనిషికి ఇచ్చే టీ దానికంటే ఖరీదు. ఈ చర్చలో మనం వాడిన కరెంటే అంతకంటే ఎక్కువ అయ్యుంటుంది.

పాలిటెక్నిక్‌మాస్టారు
లెక్కలపిచ్చి గారి ప్రశ్న మంచిది. రాత్రింబగళ్లు నడిచే పంపుకు దక్షత అంటే డబ్బు, రోజులో కాసేపు నడిచే క్రేన్‌కు అది డబ్బు కాదు. క్రేన్‌కు ఈ లెక్క రెండు సందర్భాల్లో పనికొస్తుంది. మొదటిది మోటారు ఎంపిక: 30 టన్నులు నిమిషానికి 2 మీటర్లు ఎత్తాలంటే హుక్కు దగ్గర 9.81 కిలోవాట్లు కావాలి, యాంత్రిక దక్షత 0.75 వేసుకుంటే షాఫ్టు దగ్గర 13.1, బజారులో దొరికే మోటార్లలో దాని పై మెట్టు 15. ఆ క్రేన్‌కు 15 కిలోవాట్ల మోటారు ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసింది కదా. రెండవది ఆరోగ్య పరీక్ష: ఒకే బరువును ఒకే ఎత్తుకు ఎత్తుతూ ఏడాదికోసారి పవర్ రాసుకుంటే, అంకె పెరుగుతున్నప్పుడు ఎక్కడో రాపిడి పెరుగుతోందని తెలుస్తుంది. పుస్తకంలోని దక్షతతో పోల్చడం కంటే క్రేన్‌ను దాని నిన్నటి రీడింగుతో పోల్చడం మేలు.

క్వారీమేస్త్రి
ఇంతమంది చదువుకున్నవాళ్లు మాట్లాడుతున్నారు, ఆ 20 టన్నులు ఎక్కడి నుంచి వచ్చాయని ఒక్కరూ అడగలేదు. గెలాక్సీరాయి గారూ, బ్లాకును కాటా వేశారా, లేక టేపుతో కొలిచి కట్టారా?

గెలాక్సీరాయి
బిల్లులో ఉన్న కొలతలతో కట్టాను. 2.9 × 1.7 × 1.4 మీటర్లు, అంటే 6.9 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 2.9 టన్నుల చొప్పున 20 టన్నులు వచ్చింది.

క్వారీమేస్త్రి
అనుకున్నంతా అయింది. బిల్లులో రాసేది నెట్ కొలత. ముడి బ్లాకు అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి, కోతకు పనికిరాని పైపొర కింద ప్రతి వైపూ కొన్ని సెంటీమీటర్లు తీసేసి, మిగిలిన దానికే డబ్బు కడతారు. మీరు డబ్బు కట్టని ఆ రాయిని కూడా క్రేన్ ఎత్తక తప్పదు. ఒక్కో కొలతకు 5 సెంటీమీటర్లు తీసేశారనుకున్నా అసలు బ్లాకు 2.95 × 1.75 × 1.45, అంటే 7.49 ఘనపు మీటర్లు. దాన్ని 2.9తో గుణిస్తే 21.7 టన్నులు. మూలలు కొట్టుకుపోయి ఉంటాయి కనుక కొంచెం తగ్గుతుంది. పైగా గెలాక్సీ సాంద్రతే 2.9కీ 3కీ మధ్య ఊగుతుంది. మామూలు గ్రానైట్ లెక్కతో 2.7 వేసుకునేవాళ్లు ఇంకా దెబ్బతింటారు.

మా పాత మేస్త్రులకు వాట్లు తెలియవు. 75 కిలోలను సెకనులో ఒక మీటరు ఎత్తితే ఒక హెచ్‌పీ అని నేర్పారు. 20,000 కిలోలు, సెకనుకు 0.033 మీటరు, 667. దాన్ని 75తో భాగిస్తే 8.9 హెచ్‌పీ. మాస్టారి లెక్కతో సరిపోతుందో లేదో చూసుకోండి.

పాలిటెక్నిక్‌మాస్టారు
అక్షరాలా సరిపోతుంది మేస్త్రి గారూ. మీది మెట్రిక్ హెచ్‌పీ, 735.5 వాట్లది. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలను గుర్రాలతో పోల్చి నిమిషానికి 33,000 అడుగు పౌండ్లుగా లెక్కగట్టిన హెచ్‌పీ 746 వాట్లు. రెంటికీ తేడా ఒకటిన్నర శాతం లోపే. మన చర్చలో తప్పిపోయింది అంతకంటే పెద్దది.

దోహాగల్ఫన్న
జగిత్యాల వాడిని, ఖతర్‌లో రిగ్గర్‌గా, అంటే బరువులు కట్టి క్రేన్‌తో ఎత్తించే పని చేస్తున్నాను. ఇక్కడ ఏ బరువు ఎత్తాలన్నా దాని బరువు ఎంత, ఆ సంగతి నీకు ఎలా తెలిసింది అనే రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాయనిదే క్రేన్ కదలదు. మేస్త్రి గారు అడిగింది రెండో ప్రశ్న. దాన్ని ఎవరూ అడగకపోవడం వల్లే బరువులు కింద పడతాయి.

టర్నర్‌బాబు
దక్షత గొడవ ఏమైనా, శబ్దం వస్తోంది కాబట్టి గేర్‌బాక్సు ఎలాగూ తీయాలి కదా. ఆ తీసేదేదో వర్మ్ గేరు (మర లాంటి షాఫ్టు పళ్ల చక్రాన్ని తిప్పే రకం) పెట్టించుకోండి. శబ్దం ఉండదు, బరువు దానంతట అది కిందికి జారదు, బ్రేకు మీద భారం తగ్గుతుంది.

రోప్‌డ్రమ్
@టర్నర్‌బాబు, వద్దు. దానంతట అది జారని వర్మ్ గేరు దక్షత ఎత్తేటప్పుడు 50 శాతం కంటే తక్కువ ఉంటుంది. ఇప్పుడు షాఫ్టు దగ్గర 9 కిలోవాట్లతో అయ్యే పని అప్పుడు 15తో కూడా కాదు, మోటారు కాలిపోతుంది. జారకుండా ఆపే పనికి బ్రేకు ఉంది, దాన్ని బాగుచేసుకోవాలి గానీ గేరును బ్రేకుగా వాడుకోకూడదు. పైగా అరిగి నునుపు తేలిన వర్మ్ గేరు, అదిరే చోట ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది కూడా.

రెండోసంవత్సరం
జారని యంత్రానికి సరిగ్గా 50 శాతం దగ్గరే గీత ఎందుకు పడుతుంది? పుస్తకంలో ఉంది, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి, కానీ ఎందుకో తెలియదు.

పాలిటెక్నిక్‌మాస్టారు
దీనికి జవాబు తెలిస్తే గెలాక్సీరాయి గారి అసలు సమస్య కూడా తీరుతుంది, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

బరువును ఎత్తడానికి 100 జౌళ్లు ఇచ్చామనుకో. అందులో రాపిడికి 20 పోయి, బరువులో 80 చేరితే దక్షత 80 శాతం. ఇప్పుడు అదే బరువును అంతే దూరం దించితే ఆ 80 జౌళ్లు వెనక్కి వస్తాయి. దారిలో రాపిడి మళ్లీ సుమారు 20 తీసుకుంటుంది, 60 మోటారు షాఫ్టుకు చేరతాయి. అంటే బరువు మోటారును తోస్తోంది. ఇప్పుడు రాపిడి 50 అనుకో. ఎత్తేటప్పుడు బరువులో చేరింది 50, దించేటప్పుడు రాపిడి అడిగేదీ 50, షాఫ్టుకు చేరేది సున్నా. బరువుకు యంత్రాన్ని వెనక్కి తిప్పే బలం లేదు, కనుక జారదు. రెండు దిశల్లోనూ రాపిడి సమానమనే ఊహ మీద ఈ మాట నిలుస్తుంది, మామూలు లెక్కకు అది చాలు.

ఇప్పుడు క్రేన్ దగ్గరికి రండి. ఎత్తేటప్పుడు షాఫ్టు ఇచ్చే పవర్‌లో బరువుకు పోయేది, రాపిడికి పోయేది కలిసి ఉన్నాయి. దించేటప్పుడు షాఫ్టుకు వచ్చే పవర్ బరువు ఇచ్చిన దానిలో నుంచి రాపిడిని తీసేసినది. ఈ రెంటినీ కలిపి సగం చేస్తే రాపిడి కొట్టుకుపోయి, బరువు ఒక్కటే మిగులుతుంది. మొదటి దానిలో నుంచి రెండో దాన్ని తీసి సగం చేస్తే రాపిడి మిగులుతుంది. అంటే కాటా లేకుండానే హుక్కు మీద ఎంత బరువుందో, యంత్రంలో ఎంత పోతోందో రెండూ తెలుస్తాయి.

నాలుగు పోల్స్ ఇండక్షన్ మోటారు సింక్రనస్ వేగం, అంటే లోపలి అయస్కాంత క్షేత్రం తిరిగే వేగం, మన 50 హెర్ట్జ్ కరెంటుకు నిమిషానికి 1,500 చుట్లు. దించేటప్పుడు బరువు దాన్ని 1,500 దాటించి తిప్పుతుంది, అప్పుడు అది జనరేటరుగా మారి లైనులోకి కరెంటు తిరిగి పంపుతుంది. గెలాక్సీరాయి గారూ, మీ క్రేన్‌కు డ్రైవు (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరం), బ్రేకింగు రెసిస్టరు (తిరిగొచ్చే కరెంటును వేడిగా మార్చేది) లేకపోతేనే ఈ పరీక్ష కుదురుతుంది. క్లాంప్ మీటరు చాలదు, పవర్ దిశ చూపించే మీటరు కావాలి.

గెలాక్సీరాయి
డ్రైవు లేదు, నేరుగా లైనుకు కలిపే కాంటాక్టర్ స్విచ్చులే. మీటరు ఒకటి అద్దెకు తెప్పిస్తాను.

వైండింగ్‌షాపు
దించేటప్పుడు మోటారు నష్టాలు రెండో వైపు పడతాయని మరిచిపోకండి. ఎత్తేటప్పుడు మీటరు రీడింగును 0.88తో గుణిస్తే షాఫ్టు పవర్ వస్తుంది, దించేటప్పుడు మీటరు రీడింగును భాగించాలి. లోడు తక్కువ కాబట్టి అక్కడ 0.87 వేసుకోండి.

గెలాక్సీరాయి
అదే బ్లాకుతో, అదే 3 మీటర్లకు పరీక్ష చేశాము. ఎత్తేటప్పుడు మీటరు 10.3 కిలోవాట్ల దగ్గర నిలబడింది, పవర్ ఫ్యాక్టర్ 0.8 చూపించింది. దించేటప్పుడు మైనస్ 4.7. మా ఆపరేటరు ఆ మైనస్ గుర్తు చూసి, రోజంతా దించుతూనే ఉంటే కరెంటు బిల్లు వాళ్లే మనకు కడతారా అని అడిగాడు.

షాఫ్టు దగ్గర ఎత్తేటప్పుడు 10.3 × 0.88, అంటే 9.06. దించేటప్పుడు 4.7 ÷ 0.87, అంటే 5.4. రెంటినీ కలిపి సగం చేస్తే 7.23 కిలోవాట్లు. దీన్ని బరువులోకి మారిస్తే 22.1 టన్నులు. హుక్కు, స్లింగుల 700 కిలోలు తీసేస్తే బ్లాకు 21.4 టన్నులు.

మర్నాడు లారీ మీద పెట్టి కాటాకు పంపించాము. బ్లాకు బరువు 21,380 కిలోలు.

క్వారీమేస్త్రి
చెప్పాను కదా.

లెక్కలపిచ్చి
కాటాకు, మీటరుకు 20 కిలోలే తేడానా? నాకు నమ్మశక్యంగా లేదు.

పాలిటెక్నిక్‌మాస్టారు
ఆ 20 కిలోలను నమ్మవద్దు, అది అదృష్టం. మోటారు దక్షత మనం ఊహించినది, మీటరుకు దాని తప్పు దానికుంది, దించే వేగం స్లిప్ (సింక్రనస్ వేగానికి, రోటరు వేగానికి ఉండే తేడా) వల్ల ఎత్తే వేగం కంటే మూడు నాలుగు శాతం ఎక్కువ ఉంటుంది. ఈ పద్ధతిలో ఐదు శాతం లోపు వస్తే సంతోషించాలి, అంటే టన్ను అటూ ఇటూ. నెట్ కొలతను నమ్మినప్పటి తప్పు కూడా దాదాపు అంతే, కానీ అది ఎప్పుడూ ఒకే వైపుకు, తక్కువ వైపుకే పోతుంది. అదే దానిలోని ప్రమాదం.

ఇప్పుడు అసలు అంకె. యాంత్రిక దక్షత 7.23 ÷ 9.06, అంటే 80 శాతం. రాపిడికి పోతున్నది 1.83 కిలోవాట్లు. గేర్‌బాక్సు గోరువెచ్చగా ఎందుకుందో దీనితో సరిపోతుంది.

రోప్‌డ్రమ్
80 శాతం వస్తే ఆ గేర్‌బాక్సు నాదైతే నేను ముట్టుకోను. శబ్దానికి మాత్రం వేరే కారణం వెతకాలి, ఎందుకంటే ఒక బేరింగు పాడయితే దక్షతలో అర శాతం కూడా కనిపించకపోవచ్చు గానీ చెవికి ముందే వినిపిస్తుంది. ఆయిల్ కొంచెం తీసి తెల్లటి గుడ్డ మీద పోసి చూడండి. మెరిసే ఇనుప పొడి ఉందా, ముక్కలు ఉన్నాయా చెప్పండి. శబ్దం బరువుతో పాటు పెరుగుతోందా, ఖాళీ హుక్కుతో కూడా అంతే ఉందా అనేది కూడా ముఖ్యం.

గెలాక్సీరాయి
ఖాళీ హుక్కుతోనూ అంతే ఉంది. గుడ్డ మీద ముక్కలేమీ లేవు, సన్నని పొడి కొద్దిగా ఉంది.

రోప్‌డ్రమ్
అయితే ముందు మోటారు వైపు ఉన్న మొదటి షాఫ్టు బేరింగును అనుమానించండి, వేగంగా తిరిగేది అదే. దానితో పాటు మోటారుకు, గేర్‌బాక్సుకు మధ్య ఉన్న కప్లింగు లైనులో ఉందో లేదో డయల్ గేజితో చూపించండి. ఎవరితో చేయించినా మూత తీసి పళ్లు చూడనిదే మార్చమని చెప్పేవాళ్లకు ఇవ్వకండి.

దోహాగల్ఫన్న
గేర్‌బాక్సు బతికింది, సంతోషం. కానీ ఒక విషయం ఎవరూ అడగడం లేదు. ఆ ఫ్యాక్టరీకి వచ్చే బ్లాకుల్లో బిల్లు ప్రకారం అన్నిటికంటే పెద్దది ఎంత బరువు?

గెలాక్సీరాయి
28, 28.5 టన్నులవి నెలకు కొన్ని వస్తాయి. 30 లోపే కదా అని ఎత్తుతున్నాము.

దోహాగల్ఫన్న
మీ 20 టన్నుల బ్లాకు 21.4 అయింది, అంటే 7 శాతం ఎక్కువ. 28.5కు 7 శాతం కలిపితే 30.5. స్లింగుల 140 కిలోలు దాని మీద వేసుకోండి, క్రేన్ సామర్థ్యంలో హుక్కు బ్లాకును సాధారణంగా కలపరు గానీ స్లింగులు లోడు కిందికే వస్తాయి. మీరు నెలనెలా 30 టన్నుల క్రేన్‌తో 30 దాటిన బరువు ఎత్తుతున్నారు. ఓవర్‌లోడు లిమిట్ స్విచ్చి ఎందుకు ఆపడం లేదు?

గెలాక్సీరాయి
ఉంది, కానీ అది తరచూ ఆపేస్తోందని పాత ఆపరేటరు దాన్ని బైపాస్ చేశాడట. ఈ రోజే తెలిసింది. రేపు ఎలక్ట్రీషియను వచ్చి దాన్ని తిరిగి కలుపుతాడు, బేరింగు పని కూడా అప్పుడే మొదలుపెడతాము. అంతవరకు బిల్లులో 26 టన్నులు దాటినవి దించవద్దని యార్డులో చెప్పాను. ఇప్పటికే లోపల ఉన్న రెండు పెద్ద బ్లాకులను కదిలించడానికి బయటి నుంచి మొబైల్ క్రేన్ తెప్పించాలేమో. 31 టన్నులనుకుని దానికి ఎంత సామర్థ్యం ఉన్నది అడగాలో దోహాగల్ఫన్న గారు చెప్పగలరా?

దోహాగల్ఫన్న
టన్నుల పేరు చెప్పి అడగకండి. క్రేన్ నిలబెట్టే చోటి నుంచి బ్లాకు దాకా ఎన్ని మీటర్ల దూరమో టేపుతో కొలిచి, ఆ రేడియస్‌లో అది ఎంత ఎత్తగలదో లోడు చార్టు చూపించమనండి. వంద టన్నుల క్రేన్ అని పేరున్నది కూడా బూమ్ చాచి పది, పన్నెండు మీటర్ల దూరంలో ఎత్తాల్సి వస్తే ఆ పేరులో చిన్న వంతు మాత్రమే ఎత్తుతుంది. దూరం చెప్పండి, కలిసి చార్టు చూద్దాము.